డేట్ దగ్గరపడితే కడుపు పాడవుతోంది: ఇది గ్లూటెన్ పనా, నెలసరి పనా?

జొన్నరొట్టె_హన్మకొండ
జూలై 6, రాత్రి 10.52

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ కడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నాకు 31. రెండేళ్ల కింద హిమోగ్లోబిన్ 7.6కి పడిపోయింది. ఐరన్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు మింగినా లేవలేదు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువ అవుతోంది కదమ్మా అందుకే అని నెలల తరబడి అదే మాట. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టరు టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు, చాలా ఎక్కువ వచ్చింది, ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి చూసి సీలియాక్ అని, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బని తేల్చారు. ఆ రోజు నుంచి గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా నాకు బంద్. అన్నం, జొన్న రొట్టె, మక్క గట్క, సర్వపిండితో నడుస్తోంది. ఇక్కడ పుట్టినందుకు ఆ మాత్రం నయం, గోధుమ రొట్టె తప్ప ఇంకోటి తెలియని ఊళ్లో పుట్టి ఉంటే ఏమయ్యేదాన్నో.

మొదటి ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా ఉంది. రక్తం పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం పోయింది. ఇప్పుడు ఆరేడు నెలల నుంచి మళ్లీ మొదలైంది. అయితే రోజూ కాదు, నెలలో ఒక పది పన్నెండు రోజులు. పీరియడ్స్‌కి నాలుగైదు రోజుల ముందు పొట్ట ఉబ్బిపోయి డ్రెస్ నాడా కట్టుకోలేను, మోషన్ రాదు. పీరియడ్స్ మొదలయ్యాక ఇక ఆగదు. ఒక నెల పెరుగు వల్ల అనుకుని పెరుగు మానేశాను. తర్వాతి నెల కందిపప్పు. ఆ తర్వాత ఉల్లిగడ్డ, గుడ్డు, పల్లీలు. ఇప్పుడు అన్నం, సొరకాయ, ఆలుగడ్డ మాత్రమే మిగిలాయి. నాలుగు కిలోలు తగ్గాను. మా ఆయన నిన్న "ఇక గాలి కూడా పడదంటావేమో" అన్నారు, నవ్వు రాలేదు.

నేను అడిగేది ఒకటే. నెలసరి టైంలో గ్లూటెన్ పడకపోవడం ఇంకా ఎక్కువవుతుందా? లేక నాకు నిజంగానే ఒక్కొక్కటీ పడకుండా పోతున్నాయా?

---

కాజీపేట_కోడలు
జూలై 6, రాత్రి 11.20

అక్కా, అచ్చం నా కథే. నాకు సీలియాక్ లేదు, పాలు పడవు అంతే, కానీ డేట్‌కి ముందు వారం ఏం తిన్నా రాయిలా కూర్చుంటుంది. డాక్టర్‌కి చెప్తే గ్యాస్ మాత్ర రాసిచ్చి పంపారు. జవాబు తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తే నేనూ చదువుతా.

---

పాత_బస్టాండ్
జూలై 7, ఉదయం 6.05

మా అమ్మకు ఎనిమిది మంది పిల్లలు. గ్లూటెనూ లేదు ఏమీ లేదు. ఇవన్నీ ఫోన్లు వచ్చాక పుట్టిన రోగాలు.

---

తైదల_అంబలి
జూలై 7, ఉదయం 9.40

పాత బస్టాండ్ గారూ, మీ అమ్మగారు తిన్నది జొన్న గట్క, తైదల అంబలి, వరి అన్నం, మక్కలు అయి ఉంటాయి. వాటిలో గ్లూటెన్ లేదు, ఇక గొడవెక్కడిది? మన ఇళ్లలో గోధుమ రొట్టె రోజూ తినే తిండి అయింది ఈమధ్యనే, షుగర్ వచ్చినవాళ్లకు రాత్రి చపాతీ తినమని చెప్పడం మొదలయ్యాక మరీ. ఈ జబ్బుకూ తిండికీ సంబంధం పట్టుకున్నది డచ్ పిల్లల డాక్టర్ విల్లెం డికె. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి బ్రెడ్ దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకోవడం, బ్రెడ్ మళ్లీ రాగానే జబ్బు పడటం ఆయన అనుమానాన్ని గట్టి చేసింది. అప్పటికి ఫోన్లు లేవండి.

ఇక హన్మకొండ చెల్లెకు. నేను కరీంనగర్‌లో డైటీషియన్‌ని, సీలియాక్ వాళ్లను చూస్తుంటాను, నీ డాక్టర్ని కాదు. ఆ లెక్కన చదువుకో.

సీలియాక్‌లో గ్లూటెన్ తగిలితే మన ఒంట్లో రక్షణ వ్యవస్థే చిన్నపేగు మీద తిరగబడుతుంది. దానికి తారీఖులతో పని లేదు. డేట్‌కి ముందు తిన్నా తర్వాత తిన్నా చపాతీ చపాతీయే. కానీ పేగు లోపల ఏం జరుగుతోందో మనకు కనపడదు, మనకు తెలిసేది ఉబ్బరం, నొప్పి, మోషన్. వీటిని హార్మోన్లు కూడా ఆడిస్తాయి. చిక్కంతా అక్కడే.

అండం విడుదలయ్యాక, అంటే వచ్చే డేట్‌కి దాదాపు రెండు వారాల ముందు నుంచి, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది గర్భసంచి కండరాన్ని వదులు చేసినట్టే పేగు కండరాన్ని కూడా వదులు చేస్తుంది. తిన్నది నెమ్మదిగా కదులుతుంది, గ్యాస్ లోపలే ఉండిపోతుంది, మోషన్ గట్టిపడుతుంది. డేట్ వచ్చేసరికి ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. గర్భసంచి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్స్ అనేవి విడుదలై గర్భసంచిని పిండుతాయి, పక్కనే ఉన్న పేగునూ వదలవు. అందుకే మొదటి రెండు రోజులు మోషన్స్. ఇది ఏ జబ్బూ లేని ఆడవాళ్లకూ జరుగుతుంది. పేగు ముందే సున్నితంగా ఉన్నవాళ్లకు, ఐబీఎస్ (పేగులో దెబ్బ లేకపోయినా తరచూ నొప్పి, ఉబ్బరం, మోషన్ గొడవ ఉండే జబ్బు) ఉన్నవాళ్లకు, మరీ తెలుస్తుంది.

ఇప్పుడు నీ ఉల్లిగడ్డ సంగతి. ఉల్లి, ఎల్లిగడ్డల్లో ఫ్రుక్టాన్స్ అనే పిండిపదార్థం ఉంటుంది. అది ఎవరికీ పూర్తిగా అరగదు, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. మామూలు రోజుల్లో ఆ గ్యాస్ దాని దారిన అది పోతుంది. పేగు నిద్రపోతున్న వారంలో అదే ఉల్లిగడ్డ కూర తింటే పొట్ట డప్పు. శనగలు, రాజ్మా కూడా అంతే, వాటిలో ఉండే పదార్థం వేరు గానీ పులియడం ఒకటే. అలా అని ఉల్లిగడ్డ పడదని తీర్మానం చేసుకుంటే ఎలా? డేట్ అయిపోయిన వారంలో ఎప్పుడైనా తిని చూశావా?

గుడ్డు ఎందుకు మానేశావో మాత్రం నాకు అర్థం కాలేదు.

---

జొన్నరొట్టె_హన్మకొండ
జూలై 7, మధ్యాహ్నం 2.15

గుడ్డు తిన్న సాయంత్రమే ఒకసారి కడుపు పాడైంది మేడం, అందుకని. మీరు అడిగాక గుర్తు చేసుకుంటే అది కూడా డేట్‌కి రెండు రోజుల ముందే.

మంచి వారంలో తిని చూడలేదు. ఒకసారి మానేశాక మళ్లీ ముట్టుకోవాలంటే భయం.

---

పరకాల_పిల్ల
జూలై 7, సాయంత్రం 5.30

మధ్యలో దూరుతున్నా సారీ. నేను హాస్టల్‌లో ఉంటా, 19. పొద్దున ఉప్మా తిన్నా పూరీ తిన్నా కడుపునొప్పి, పీరియడ్స్ టైంలో డబుల్. పోయిన నెల నుంచి గోధుమ మానేసి అన్నమే తింటున్నా, చాలా నయంగా ఉంది. అంటే నాకూ సీలియాక్ అన్నట్టేనా? ఇంక టెస్ట్ ఎందుకు?

---

తైదల_అంబలి
జూలై 7, రాత్రి 8.10

చిన్నా, మానేస్తే నయమైందంటే సీలియాక్ అనే అర్థం కాదు. గోధుమలోనూ ఫ్రుక్టాన్స్ ఉంటాయి, వాటివల్ల కూడా అయి ఉండొచ్చు. గోధుమ అలర్జీ అని ఇంకోటుంది. తేలాలంటే పరీక్షే. ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే పరీక్షకు ముందే మానేయడం. మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానుతుంది, రిపోర్ట్ నార్మల్ అని వస్తుంది, నువ్వు జీవితమంతా అనుమానంలో ఉంటావు. మామూలుగా కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తింటూ ఉండగా పరీక్ష చేయాలి. ఇప్పటికే మానేశావు కాబట్టి డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టు, నీ అంతట నువ్వు వద్దు. టీటీజీ ఐజీఏతో పాటు టోటల్ ఐజీఏ కూడా రాయమను. ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ, కొంతమందికి అదే తక్కువ తయారవుతుంది, వాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బున్నా లేదన్నట్టు వస్తుంది.

ఇంట్లో అమ్మకో అన్నకో ఈ జబ్బు ఉందా? రక్తసంబంధీకుల్లో పది మందికి ఒకరి దాకా ఉండే అవకాశం ఉంది, అందుకే అడుగుతున్నా.

---

పరకాల_పిల్ల
జూలై 7, రాత్రి 8.25

లేదు మేడం ఎవరికీ లేదు. ఆరు వారాలు మళ్లీ ఆ పూరీలు తినాలా 😩

---

మంచిర్యాల_వదిన
జూలై 8, ఉదయం 7.35

హన్మకొండ చెల్లె, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు సీలియాక్ బయటపడి తొమ్మిదేళ్లు. డేట్‌కి ముందు ఉబ్బరం సంగతి కరీంనగర్ మేడం చెప్పింది నిజమే, నాకూ ప్రతి నెలా వస్తుంది, పోతుంది. కానీ డేట్ వచ్చాక సంగతి మీద నాకో అనుమానం. నాలుగు ప్రశ్నలు అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు.

మోషన్స్ ఎన్ని రోజులు ఉంటున్నాయి, రెండా, వారమా? నోట్లో పూత వస్తోందా? తలకాయ పనిచేయనట్టు, ఒళ్లంతా పిండేసినట్టు నీరసం ఉంటోందా?

నాలుగోది అసలైంది. ఆ మూడు రోజులు మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?

---

జొన్నరొట్టె_హన్మకొండ
జూలై 8, రాత్రి 11.48

వదినా, మీ నాలుగో ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. పొద్దుటి నుంచి అదే ఆలోచన.

ముందు లెక్క చెప్తా. ఫోన్‌లో తారీఖులు రాసుకునే అలవాటు ఉంది, మూడు నెలలవి తీసి చూశాను. ఉబ్బరం మొత్తం డేట్‌కి ముందు ఐదు రోజుల్లో, డేట్ రాగానే దిగిపోతోంది. మోషన్స్ రెండో రోజు మొదలై ఎనిమిదో రోజు దాకా ఉంటున్నాయి. నాలుకకింద, పెదవి లోపల పూత నాలుగో రోజుకు కనిపిస్తోంది. నీరసమైతే స్కూల్లో మూడో పీరియడ్‌కే కుర్చీ వెతుక్కునేంత. ఇవన్నీ ఒక్కటే అనుకున్నా ఇన్నాళ్లూ. రెండు వేర్వేరు ముద్దలుగా ఉన్నాయి.

ఇక వంట. మా ఇంట్లో ఆ మూడు రోజులు నేను వంటింట్లోకి వెళ్లను. అత్తమ్మ పట్టింపు. పోయిన సంవత్సరం దాకా మేము కిరాయి ఇంట్లో వేరుగా ఉన్నాం, ఈ పద్ధతి లేదు, నేనే వండుకునేదాన్ని. డిసెంబర్లో అత్తమ్మావాళ్ల ఇంటికి వచ్చేశాం. కడుపు గొడవ మొదలైంది జనవరిలో.

అత్తమ్మ మంచిదే వదినా, నాకు చపాతీ పెట్టదు, అన్నమే పెడుతుంది, జొన్న రొట్టె కూడా చేసిస్తుంది. కానీ నా జొన్నపిండి డబ్బా వంటింట్లో పై అరలో ఉంటుంది. ఆ రోజుల్లో నేను తీయలేను, నాది ఏదో ఆమెకు గుర్తుండదు, ఇంట్లోవాళ్ల పిండితో చేసేస్తుంది. ఆ పిండి గిర్నిలో గోధుమలు పట్టిన వెనకాలే పట్టింది. నేనైతే పొద్దున గిర్ని తెరవగానే వెళ్లి, ముందు రెండు గ్లాసుల బియ్యం పట్టించి ఆ పిండి తీసేసి, తర్వాత నా జొన్నలు పోయిస్తా. గిర్ని అన్న నన్ను చూస్తేనే "వచ్చిందమ్మా పరీక్ష ఇన్‌స్పెక్టర్" అంటాడు. పెనం కూడా చపాతీ పెనమే, బట్టతో తుడిచి పెడుతుంది.

ఇంతకంటే పెద్దది ఇంకోటి. ఇవాళ సాయంత్రం పచ్చిపులుసు పోపు వాసన వస్తుంటే ఇంగువ గుర్తొచ్చింది. డబ్బా తీసి చూశాను. వెనకాల అక్షరాలు ఎంత చిన్నవంటే మామయ్య కళ్లద్దాలు తెచ్చుకుని, ట్యూబ్‌లైట్ కిందికి వెళ్లి చదవాల్సి వచ్చింది. మొదటి పేరే గోధుమ పిండి. తర్వాత తుమ్మ బంక. ఇంగువ అన్నది మూడోది. నేను ఇంగువ వాడను, నాకు ఆ వాసన పడదు, అందుకే రెండేళ్లుగా ఆ డబ్బా వెనక్కి తిప్పి చూడలేదు. అత్తమ్మ పప్పులో, చారులో, పచ్చిపులుసులో అన్నింట్లో చిటికెడు వేస్తుంది. కడుపుకు మంచిదని.

---

మంచిర్యాల_వదిన
జూలై 9, ఉదయం 6.50

అనుకున్నా. నాకు జరిగింది కూడా ఇదే, కాకపోతే మా ఇంట్లో ఆ మూడు రోజులు హోటల్ నుంచి తెప్పించేవారు. నేను నాలుగేళ్లు పీరియడ్స్‌ని తిట్టుకున్నాను. ఆడ డాక్టర్ల చుట్టూ తిరిగాను, హార్మోన్ మాత్రలు కూడా వాడాను. తప్పు సాంబారుది.

ఇంగువ బియ్యప్పిండితో చేసింది దొరుకుతుంది, అట్ట మీద చదివి కొనండి. గ్లూటెన్ ఫ్రీ అని రాస్తే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఊరికే "గోధుమ లేదు" అని రాసి ఉంటే సరిపోదు, బార్లీ మాల్ట్ ఉండొచ్చు. పిల్లలకు పాలల్లో కలిపే మాల్ట్ పొడులు అందుకే మనకు వద్దు. సోయా సాస్ కూడా.

బట్టతో తుడిచిన పెనం కుదరదు చెల్లె. విడిగా కొను.

---

రుద్రమ_బిడ్డ
జూలై 9, ఉదయం 10.12

అసలు ఆ మూడు రోజులు బయట కూర్చోబెట్టడమే తప్పు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? పెనాలు, ఇంగువలు కాదు మార్చాల్సింది. తిండి తినే హక్కు కూడా లేకుండా చేసి దానికి మళ్లీ గిర్ని సలహాలా.

---

పాత_బస్టాండ్
జూలై 9, ఉదయం 10.30

పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదమ్మా పద్ధతులు. విశ్రాంతి కోసం

---

నిర్వాహకురాలు
జూలై 9, మధ్యాహ్నం 12.00

ఈ వాదన మీద వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, 400 పోస్టులున్నాయి, దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ కడుపు సంగతి మాత్రమే. తర్వాతి పది పోస్టులు తొలగించాను.

---

జొన్నరొట్టె_హన్మకొండ
జూలై 9, మధ్యాహ్నం 1.05

రుద్రమ గారూ, మీరన్నది నాకూ తెలుసు. కానీ ఇవాళే నాకు డేట్ వచ్చింది, రాత్రికి తినాలి. అత్తమ్మతో ఆ యుద్ధం తర్వాత చేస్తా, ముందు పెనం.

---

జమ్మికుంట_అన్న
జూలై 10, రాత్రి 9.30

నేను మగవాణ్ణి, రాయొచ్చో లేదో. నా భార్యకు మూడు నెలల కింద సీలియాక్ అని తేలింది. హిమోగ్లోబిన్ 8.1. పీరియడ్స్‌లో నొప్పి ఎక్కువ, మెఫెనమిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటుంది రోజుకు మూడు. వేసుకున్నప్పుడల్లా కడుపులో మంట, వాంతి. గోధుమ పూర్తిగా మానేశాం, అయినా ఇంకా ఇలా ఉందేంటని భయం. తనకు ఇవన్నీ రాయడం సిగ్గు, అందుకే నేను రాస్తున్నా.

---

తైదల_అంబలి
జూలై 10, రాత్రి 10.05

అన్నా, రాసినందుకు సంతోషం. మూడు నెలలు అంటే చాలా తక్కువ. పెద్దవాళ్లలో పేగు పూర్తిగా మానడానికి ఏడాది, రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి భయం వద్దు.

ఆ నొప్పి మాత్ర ప్రోస్టాగ్లాండిన్స్‌ని తగ్గిస్తుంది, అందుకే నొప్పికి బాగా పనిచేస్తుంది. కానీ కడుపు లోపలి పొరను కాపాడేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్సే. ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట ఖాయం. అన్నం తిన్నాకే వేసుకోవాలి. రోజుకు మూడు, ప్రతి నెలా అంటే మాత్రం గైనిక్ డాక్టరుకు చెప్పాల్సిందే, కడుపు డాక్టరుకు కూడా చెప్పండి, ఆయన రాసింది ఈమెకు, ఈమె రాసింది ఆయనకు తెలియక మనవాళ్లు మధ్యలో నలుగుతుంటారు.

ఐరన్ గురించి. ఆహారంలో ఐరన్‌ని పట్టుకునేది చిన్నపేగు మొదటి భాగం, సీలియాక్ ముందు దెబ్బ కొట్టేది అక్కడే. లోపలికి రావడం తక్కువ, నెలనెలా పోవడం ఎక్కువ. అందుకే ఆడవాళ్లలో చాలాసార్లు రక్తహీనత దగ్గరే ఈ జబ్బు దొరుకుతుంది. పైన చెల్లెకు జరిగినట్టు "బ్లీడింగ్ వల్లేలే" అని వదిలేస్తే ఏళ్లు పోతాయి. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంట, రెండు గంటలు చాయ్ ఇవ్వకండి. నిమ్మకాయ నీళ్లతో ఇవ్వండి. మాత్రతో మోషన్ నల్లగా రావడం మామూలే, మలబద్ధకమూ వస్తుంది, దాన్ని గ్లూటెన్ ఖాతాలో రాసుకోకండి. మాత్రలు పనిచేయకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, అడగండి.

థైరాయిడ్ చూపించారా? సీలియాక్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ గొడవ మామూలు జనంలో కంటే ఎక్కువ. అది తక్కువగా పనిచేస్తే బ్లీడింగూ పెరుగుతుంది, మలబద్ధకమూ వస్తుంది.

---

సుబేదారి_సిస్టర్
జూలై 11, తెల్లవారుజామున 4.20

నైట్ డ్యూటీలో చదివాను. ఒక్కటి చేరుస్తా. ప్రతి నెలా వచ్చే కడుపునొప్పి అంతా హార్మోన్లనో గ్లూటెన్ అనో సర్దుకోకండి. డేట్ రోజుల్లో మోషన్‌కి కూర్చుంటే కోసినట్టు నొప్పి, కలయికలో లోతుగా నొప్పి, మాత్రలకు లొంగని నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరగడం) అయి ఉండొచ్చు, అది పేగు జబ్బులాగే వేషం వేసుకుంటుంది. మోషన్‌లో రక్తం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటికి చర్చా వేదికలు కాదు, ఓపీ చీటీ తీసుకోవాలి. హన్మకొండ మేడం, మీ నాలుగు కిలోలు సగం తిండి మానేయడం వల్లే కావచ్చు, అయినా టీటీజీ మళ్లీ చేయించండి. గ్లూటెన్ ఇంకా లోపలికి వెళ్తోందో లేదో కొంతవరకు అదే చెప్తుంది.

---

జొన్నరొట్టె_హన్మకొండ
జూలై 19, సాయంత్రం 6.40

చేయించాను సిస్టర్. పోయిన ఏడాది దాదాపు నార్మల్‌కి దిగింది, ఇప్పుడు మళ్లీ పైకి పోయింది. మొదట్లో ఉన్నంత లేదు. రిపోర్ట్ తెచ్చి అత్తమ్మకు చూపించి "ఇది ఇంగువ" అన్నాను. ఆమె కాసేపు చూసి "గింత చిటికెడుకా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కానీ మర్నాడు ఇంగువ డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేసింది, కొత్త డబ్బా నేను చదివి ఓకే అంటేనే కొనాలంది.

---

కాజీపేట_కోడలు
ఆగస్టు 2, రాత్రి 9.15

అక్కా, ఎలా ఉన్నారు? నేను కరీంనగర్ మేడం చెప్పినట్టు మంచి వారంలో పెరుగు తిని చూశాను, రెండు గరిటెలు. ఏమీ కాలేదు! పాలు మాత్రం ఇప్పటికీ పడవు.

---

తైదల_అంబలి
ఆగస్టు 3, ఉదయం 11.00

పెరుగులో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, కొంత పులిసి తగ్గిపోతుంది, అందుకే చాలామందికి పాలు పడకపోయినా పెరుగు, సల్ల పడతాయి. లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ పేగు మీది నూగు కొసల్లో ఉంటుంది, సీలియాక్‌లో ఆ నూగు అరిగిపోతే పాలు పడవు, నూగు మళ్లీ మొలిస్తే చాలామందికి పాలూ పడతాయి. హన్మకొండ చెల్లె కూడా పెరుగును శాశ్వతంగా వదిలేయాల్సిన పని లేదు. ఒక్కో పదార్థాన్ని డేట్ అయిపోయిన తర్వాతి వారంలో, ఒక్కసారి ఒక్కటే, మూడు రోజులు తిని చూడాలి. రెండు కలిపి మొదలుపెడితే ఏది దొంగో తెలియదు.

---

జొన్నరొట్టె_హన్మకొండ
సెప్టెంబర్ 12, రాత్రి 10.20

రెండు నెలలైంది, రెండు డేట్లు అయ్యాయి. చెప్పి తీరాల్సినవి ఉన్నాయి.

కొత్త ఇనుప పెనం కొన్నాం, కాడకు ఎర్ర దారం కట్టాను. నా పిండి, నా గరిటె, నా ఉప్పు డబ్బా వంటింట్లోంచి తీసి ముందు గదిలో చిన్న అలమారలో పెట్టాను. ఆ మూడు రోజులు అత్తమ్మ అక్కడికి వచ్చి తీసుకుంటుంది, నేను వంటింట్లోకి వెళ్లనవసరం లేదు, ఆమె పట్టింపు ఆమెకు ఉంది. రుద్రమ గారు తిట్టుకుంటారేమో.

ఆగస్టు డేట్‌లో మోషన్స్ ఒక్క రోజే. సెప్టెంబర్లో మొదటి రోజు, రెండో రోజు సగం దాకా. నోటి పూత రెండుసార్లూ రాలేదు. మూడో పీరియడ్‌లో నిలబడే పాఠం చెప్పాను.

ఉబ్బరం మాత్రం ఉంది. తగ్గలేదు. డేట్‌కి నాలుగు రోజుల ముందు పొట్ట అలాగే డప్పు కొడుతోంది. కానీ ఇప్పుడు దానికి భయపడి ఇంకో కూరగాయను ఉరితీయడం లేదు. ఆ నాలుగు రోజులు ఉల్లిగడ్డ తగ్గిస్తా, శనగపప్పు జోలికి పోను, రాత్రి తొందరగా తిని భద్రకాళి బండ్ మీద రెండు రౌండ్లు నడుస్తా. గుడ్డు వచ్చింది, పల్లీలు వచ్చాయి, కందిపప్పు వచ్చింది. పెరుగు ఇంకా ఒక చిన్న గిన్నె దగ్గరే ఆగాను. కిలోన్నర పెరిగాను. టీటీజీ తగ్గడానికి నెలలు పడుతుందట, జనవరిలో చేయిస్తా.

---

మంచిర్యాల_వదిన
సెప్టెంబర్ 13, ఉదయం 7.00

కిలోన్నరా! స్వీట్ పెట్టు. గోధుమది కాకుండా.

---

జొన్నరొట్టె_హన్మకొండ
సెప్టెంబర్ 13, ఉదయం 7.22

స్వీట్ అంటే గుర్తొచ్చింది, సద్దుల బతుకమ్మ వస్తోంది. మా అత్తమ్మ గోధుమ రొట్టెలతో మలీద చేస్తుంది. ఈసారి నా కోసం జొన్న రొట్టెలతో చేస్తానంది, కానీ పోయినసారి ఎవరో చేస్తే ఇసుకలా రాలిపోయిందట, ముద్ద కట్టలేదట. ఎవరికైనా తెలుసా?

---

పాత_బస్టాండ్
సెప్టెంబర్ 13, ఉదయం 7.40

మా అమ్మ జొన్నలతోనే చేసేది. పిండి సలసలా కాగే నీళ్లతో కలపాలి. రొట్టె పలుచగా కాకుండా కొంచెం మందంగా చేసి, పెనం మీద నుంచి దించగానే, చెయ్యి కాలుతుండగానే తుంచి బెల్లం వేసి రోట్లో దంచాలి. చల్లారితే ఇక కలవదు. నెయ్యికి వెనకాడొద్దు.

---

మంచిర్యాల_వదిన
సెప్టెంబర్ 13, ఉదయం 7.51

రోలు కూడా చూసుకో చెల్లె. పోయినసారి అందులో ఏం దంచారో అత్తమ్మను అడుగు.